గర్భాశయ పాలిప్‌లు, రక్తకణాల సూచికలు: అండమాన్ నికోబార్ దీవుల సందర్భం

గర్భాశయం లోపలి గోడను కప్పి ఉండే మెత్తటి పొరను ఎండోమెట్రియం అంటారు. హార్మోన్ల ప్రభావంతో నెలనెలా పెరిగి, నెలసరిలో రాలిపోయేది ఈ పొరే. అది ఒకచోట రాలకుండా నిలిచి, అదేపనిగా పెరిగి గర్భాశయపు ఖాళీలోకి పొడుచుకు వస్తే దాన్ని ఎండోమెట్రియల్ పాలిప్ అంటారు. తెలుగు ఇళ్ళలో "గర్భసంచిలో కండ పెరిగింది" అని చెప్పుకునేది చాలాసార్లు దీని గురించే. పాలిప్ కొన్ని మిల్లీమీటర్లే ఉండవచ్చు, అయిదారు సెంటీమీటర్లకూ పెరగవచ్చు. కొన్నింటికి సన్నటి కాడ ఉంటుంది, కొన్ని వెడల్పాటి మొదలుతో గోడకే అంటుకుని ఉంటాయి.

ఈ కండకూ రక్తకణాల లెక్కకూ, అంటే ల్యాబులో సీబీసీ అని రాసే పరీక్షకూ, రెండు విధాల సంబంధం ఉంది. మొదటిది పాతది, గట్టిగా రుజువైనది: పాలిప్ వల్ల రక్తం పోతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. రెండోది కొత్తది, ఇంకా తేలనిది: తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల నిష్పత్తులు చూసి పాలిప్ ఉందో లేదో, ఉంటే అది ఎలాంటిదో ముందే పసిగట్టవచ్చా అన్న ప్రశ్న. అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ రెండింటి మధ్య తేడా తెలియడం చాలా అవసరం. అక్కడ చిన్న ఆరోగ్య కేంద్రంలోనైనా రక్తపరీక్ష చేయించుకోవచ్చు. గర్భాశయం లోపలికి కెమెరా పంపి చూడాలంటే నిపుణులు, థియేటర్ ఉన్న పెద్ద ఆసుపత్రి కావాలి. చాలా దీవులకు అది సముద్రం అవతల ఉంటుంది.

దీవులు, మనుషులు, ఆసుపత్రులు

ఉత్తరాన ల్యాండ్‌ఫాల్ దీవి నుంచి దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ దాకా ఈ దీవుల వరుస 700 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ 3,80,581 మంది ఉన్నారు. వారిలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం, అంటే దాదాపు యాభై వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. వీరిలో ఎక్కువ కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకూ కూలి పనులకూ ఓడెక్కి వచ్చినవే. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి పేటల్లో సిక్కోలు యాస ఇప్పటికీ వినిపిస్తుంది. 2024 సెప్టెంబరులో ఆ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చారు.

నగరంలోని జి.బి. పంత్ ఆసుపత్రి దీవులన్నింటికీ పెద్దాసుపత్రి. 2015లో మొదలైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థ దీనికి అనుబంధంగా పనిచేస్తోంది. మాయాబందర్‌లో డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఆసుపత్రి, కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి ఉన్నాయి. డిగ్లీపూర్, రంగత్, కమోర్టా, క్యాంప్‌బెల్ బే వంటి చోట్ల ఆరోగ్య కేంద్రాలున్నాయి. డిగ్లీపూర్ నుంచి రాజధానికి రోడ్డున రావాలంటే సుమారు 300 కిలోమీటర్లు. మధ్యలో జారవా తెగ రిజర్వు గుండా నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే వెళ్ళాలి. నికోబార్ వైపు నుంచైతే ఓడో హెలికాప్టరో దొరకాలి, వానాకాలంలో సముద్రం ఒప్పుకోవాలి. "స్కానింగ్ తీయించుకుని రండి" అనే చిన్న సలహా ఇక్కడ రోజుల ప్రయాణం, పోయిన కూలి, పిల్లల్ని చూసుకునే మనిషిని వెతుక్కోవడం అవుతుంది. అందుకే ఎవరిని పంపాలి, ఎవరిని పంపనక్కర్లేదు అన్న నిర్ణయం చేతిలో ఉన్న రక్తపరీక్ష కాగితం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ కాగితాన్ని సరిగ్గా చదవాలి.

పాలిప్ ఎలా పుడుతుంది

ఎండోమెట్రియాన్ని పెంచేది ఈస్ట్రోజెన్, ఆ పెరుగుదలకు కళ్ళెం వేసేది ప్రొజెస్టెరాన్. పాలిప్‌గా మారిన చోట కణజాలం ఈస్ట్రోజెన్ మాట వింటుంది, ప్రొజెస్టెరాన్ మాట అంతగా వినదు. కణాలు వయసు తీరి చనిపోవడాన్ని అడ్డుకునే బీసీఎల్-2 అనే ప్రోటీను అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. కండ మధ్యలో మందపాటి గోడలున్న రక్తనాళాలు సాగి ఉంటాయి. పై పొర చిట్లినప్పుడల్లా నెలసరికి సంబంధం లేకుండా రక్తం కారడానికి ఈ నాళాలే కారణం. పాలిప్ కణజాలంలో మాస్ట్ కణాలు, వాపును రేపే రసాయనాలు మామూలు పొరలో కంటే ఎక్కువగా ఉంటాయని కూడా గమనించారు. దీర్ఘకాలిక ఎండోమెట్రైటిస్, అంటే ఆ పొరలో ఏళ్ళ తరబడి సాగే సన్నటి వాపు, పాలిప్ ఉన్నవారిలో తరచుగా బయటపడుతుంది. రక్తంలో వాపు సూచికల కోసం వెతకడానికి మూలం ఈ పరిశీలనలే.

నలభై, యాభైలలో ఉన్న స్త్రీలలో ఇవి ఎక్కువ. ఊబకాయం, అధిక రక్తపోటు, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్, వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ ముప్పును పెంచుతాయి. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు, వేరే పనిమీద తీసిన స్కానింగ్‌లో కనిపిస్తాయి. లక్షణాలు ఉన్నవారిలో నెలసరికీ నెలసరికీ మధ్య చుక్కలు కనిపించడం, నెలసరి ఎక్కువ రోజులు సాగడం, గడ్డలు పడటం, గర్భం నిలవకపోవడం, ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించడం ప్రధానం. అసాధారణ రక్తస్రావానికి కారణాలను వర్గీకరిస్తూ ప్రపంచ ప్రసూతి, స్త్రీ వైద్య నిపుణుల సమాఖ్య ఫిగో 2011లో ప్రకటించిన పామ్-కోయిన్ పద్ధతిలో మొదటి అక్షరం పాలిప్‌దే.

చాలా పాలిప్‌లు నిరపాయమైనవి. 2010లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష లెక్క ప్రకారం ముట్లుడిగిన స్త్రీల పాలిప్‌లలో 5.42 శాతంలో క్యాన్సరో దాని ముందు దశో ఉంది. నెలసరి వస్తున్నవారిలో అది 1.7 శాతమే. రక్తస్రావంతో వచ్చినవారిలో ముప్పు 4.15 శాతం, ఏ లక్షణమూ లేనివారిలో 2.16 శాతం. కాబట్టి వయసు, రక్తస్రావం ఈ రెండే ముప్పును చెప్పే మొదటి గుర్తులు. వీటిని తెలుసుకోవడానికి సూది గుచ్చనక్కర్లేదు, అడిగితే చాలు.

రక్తం ఎంత పోయిందో చెప్పే అంకెలు

సీబీసీ నమ్మకంగా చెప్పగలిగేది ఇక్కడే. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి రక్తం పోతే అధిక స్రావమన్న కొలత 1966లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ అధ్యయనం నుంచి వచ్చింది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. హిమోగ్లోబిన్ 12 ఉన్న స్త్రీకి 100 మిల్లీలీటర్ల రక్తం పోతే దాదాపు 40 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టు. మన పేగులు రోజుకు పీల్చుకోగలిగేది మామూలుగా ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఒంట్లో నిల్వ కూడా స్త్రీలలో 300 మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే. నెలనెలా ఈ లోటు పడుతూ ఉంటే ఏడాది రెండేళ్ళలో నిల్వ అడుగంటుతుంది.

ఈ నష్టం అంకెల్లో ఒక వరుసలో బయటపడుతుంది. మొదట ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ తగ్గుతుంది. తర్వాత ఎర్రకణాల పరిమాణంలో ఎగుడుదిగుళ్ళు వచ్చి ఆర్‌డీడబ్ల్యూ 14.5 శాతం దాటుతుంది. ఆపైన ఎర్రకణాలు చిన్నవై ఎంసీవీ 80 కంటే దిగుతుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గేసరికి మనిషి అప్పటికే చాలాకాలంగా ఇనుము లేక నెట్టుకొస్తూ ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, గుండె దడ, జుట్టు రాలడం, పచ్చిబియ్యమో సుద్దో మట్టో తినాలనిపించడం ఆ దశలో చెప్పే బాధలు. వీటిని "పని ఎక్కువై నీరసం" అని కొట్టిపారేయడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ఆ మామూలుతనం చాలామంది స్త్రీల ఆరోగ్యాన్ని తినేస్తోంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత దేశంలో 57.0 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. దీవుల్లోనూ సగానికి పైనే. చుట్టూ చేపలున్న చోట ఇంత రక్తహీనత ఏమిటని ఆశ్చర్యపోవచ్చు. ఇనుము తినడం ఎంత ముఖ్యమో అది ఎటు పోతోందో చూడటమూ అంతే ముఖ్యం. ప్రసవాలు, నులిపురుగులు, మలేరియా, నెలసరి అన్నీ ఆ నిల్వలోంచే తీసుకుంటాయి.

ప్రతి ఇద్దరిలో ఒకరికి రక్తం తక్కువగా ఉన్నచోట, తక్కువ హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి పాలిప్‌ను అనుమానించలేం. కానీ ఆ అంకె కాలక్రమంలో ఎలా కదులుతోందన్నది చాలా చెబుతుంది. ఇనుము మాత్రలు సరిగ్గా మింగుతుంటే నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే మాత్రలు మింగడం లేదా, ఒంట పట్టడం లేదా, లేక పోసినంతా కారిపోతోందా అని అడగాలి. నెలసరి గురించి విడమరిచి అడిగే ఆరోగ్య కార్యకర్త ఆ క్షణంలో ఏ యంత్రం కంటేనైనా ఎక్కువ పని చేస్తుంది. ఎన్ని రోజులు, రోజుకెన్ని ప్యాడ్లు లేదా గుడ్డలు, గడ్డలు పడుతున్నాయా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తోందా, మధ్యలో మరకలు కనిపిస్తున్నాయా అన్నవి ఆమె అడగవలసిన ప్రశ్నలు.

తక్కువ ఎంసీవీకి ఇంకో అర్థమూ ఉండవచ్చు. దీవుల జనంలో బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. తూర్పు భారతంలో బీటా తలసీమియా వాహకులు, హిమోగ్లోబిన్ ఇ ఉన్నవారు గణనీయంగా ఉంటారు. వీరి ఎర్రకణాలు పుట్టుకతోనే చిన్నవి, రక్తం పోవడం వల్ల అలా అయినవి కావు. 1973లో విలియం మెంట్జర్ సూచించిన లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది: ఎంసీవీని మిలియన్లలో చెప్పిన ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి. ఎంసీవీ 64, ఎర్రకణాలు 5.4 మిలియన్లు అయితే ఫలితం 11.9. ఇది 13 కంటే తక్కువ కాబట్టి తలసీమియా వైపు మొగ్గుతుంది. ఎంసీవీ 70, ఎర్రకణాలు 4.1 మిలియన్లు అయితే 17.1, అంటే ఇనుము లోపం వైపు. ఇది ఊహకు దారి మాత్రమే. ఖాయం చేసుకోవడానికి హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష కావాలి. తలసీమియా వాహకురాలికి పాలిప్ కూడా ఉండవచ్చన్నది మరిచిపోకూడదు.

కొత్త నిష్పత్తులు: ఆశ ఎంత, ఆధారం ఎంత

వాపు ఉన్నప్పుడు రక్తంలోని తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం పెరుగుతాయి, లింఫోసైట్లు అనే రకం తగ్గుతాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎన్‌ఎల్‌ఆర్ వస్తుంది. 2001లో స్లొవాకియా వైద్యుడు జహోరెత్స్ తీవ్రంగా జబ్బుపడినవారిలో దీన్ని ఒత్తిడికి కొలతగా ప్రతిపాదించాడు. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగిస్తే పీఎల్‌ఆర్. ప్లేట్‌లెట్లను న్యూట్రోఫిల్స్‌తో గుణించి లింఫోసైట్లతో భాగిస్తే ఎస్‌ఐఐ. ఈ మూడోది 2014లో చైనాలో కాలేయ క్యాన్సర్ రోగుల మీద జరిగిన పరిశోధనతో ప్రచారంలోకి వచ్చింది. ప్లేట్‌లెట్ల సగటు పరిమాణాన్ని చెప్పే ఎంపీవీని, ఆర్‌డీడబ్ల్యూను కూడా ఈ జాబితాలో చేర్చారు.

ఒక ఉదాహరణ: తెల్లకణాలు 8,000, వాటిలో న్యూట్రోఫిల్స్ 64 శాతం, లింఫోసైట్లు 28 శాతం, ప్లేట్‌లెట్లు 3.2 లక్షలు. ఎన్‌ఎల్‌ఆర్ 64ను 28తో భాగిస్తే 2.3. లింఫోసైట్లు 2,240 కాబట్టి పీఎల్‌ఆర్ 143. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుంటే ఎస్‌ఐఐ సుమారు 731. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఎన్‌ఎల్‌ఆర్ సాధారణంగా ఒకటికీ మూడుకీ మధ్య ఉంటుంది. అదనపు ఖర్చు పైసా లేదు, రిపోర్టులో ఉన్న అంకెలే. పరిశోధకులను ఇవి ఇంతగా ఆకర్షించడానికి కారణం అదే. వాటిని తేలిగ్గా తీసిపారేయకూడదనడానికీ, తేలిగ్గా నమ్మకూడదనడానికీ అదే కారణం.

గర్భాశయ పొర జబ్బుల్లో ఈ సూచికలకు కొంత బలమైన ఆధారం ఉన్నది క్యాన్సర్ విషయంలో. ఎండోమెట్రియల్ క్యాన్సర్ ఉన్నవారిలో ఆపరేషన్‌కు ముందు ఎన్‌ఎల్‌ఆర్, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉంటే జబ్బు ముదిరి ఉండే అవకాశం ఎక్కువని అనేక అధ్యయనాలు చూపాయి. పాలిప్‌ల విషయానికొస్తే పరిశోధనలు ఎక్కువగా టర్కీ ఆసుపత్రుల నుంచి వచ్చాయి. అవి చాలావరకు పాత రికార్డులు తిరగేసి, పాలిప్ ఉన్నవారినీ లేనివారినీ పోల్చినవి. గుంపుల సగటుల్లో కొన్నిచోట్ల తేడా కనిపిస్తుంది. కానీ రెండు గుంపుల అంకెలు ఒకదానిమీద ఒకటి ఎంతగా పడతాయంటే, ఒక స్త్రీ ఎన్‌ఎల్‌ఆర్ చూసి ఆమె ఏ గుంపుకు చెందుతుందో చెప్పడం సాధ్యం కాదు. సగటుల్లో తేడా కనబడటం ఒకటి, ఒక మనిషికి రోగనిర్ధారణ చేయగలగడం వేరొకటి. ఈ సూచికల గురించిన ఉత్సాహంలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుట్టిందని చెప్పాలి.

ఇంకో చిక్కు లోపలే దాగి ఉంది. ఇనుము లోపం ఉన్నవారిలో ప్లేట్‌లెట్లు దానికదే పెరుగుతాయి. పాలిప్ వల్ల రక్తం పోయిన స్త్రీకి పీఎల్‌ఆర్ పెరిగితే అది పాలిప్‌లోని వాపు వల్ల కాకుండా, పోయిన ఇనుము వల్ల కావచ్చు. ఆర్‌డీడబ్ల్యూ సంగతీ అంతే. ఊబకాయంలో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, ఊబకాయమే పాలిప్‌కు ముప్పు. అందువల్ల ఎన్‌ఎల్‌ఆర్ పాలిప్‌ను చూపుతోందో బరువును చూపుతోందో విడదీయడం కష్టం. వయసును, బరువును, రక్తపోటును, ఇనుము స్థాయిని లెక్కలోకి తీసుకోకుండా చేసిన పోలికలకు విలువ తక్కువ.

దీవుల రక్తంలో ఇతర కారణాలు

అండమాన్‌లో ఈ సూచికలను చదవడం ఇంకా కష్టం. 1988 నుంచి వానలు వెనకబట్టే కాలంలో ఉత్తర అండమాన్‌లో జ్వరం, దగ్గులో రక్తంతో మనుషులు చనిపోతుంటే దాన్ని అండమాన్ రక్తస్రావ జ్వరం అన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో 1983లో ఏర్పడిన భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం 1990లలో అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చింది. వరి మడుల్లో, బురద నీళ్ళల్లో పనిచేసేవారికి ఎలుకల, పశువుల మూత్రం ద్వారా సోకే జబ్బు ఇది. ఇందులో న్యూట్రోఫిల్స్ ఎగబాకుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. న్యూట్రోఫిల్స్ 82, లింఫోసైట్లు 12 శాతం ఉన్న రిపోర్టులో ఎన్‌ఎల్‌ఆర్ 6.8. గర్భాశయంలో ఏమీ లేకపోయినా ఆ అంకె అంతే వస్తుంది.

డెంగీలో ఇంకోలా జరుగుతుంది. తెల్లకణాలు తగ్గుతాయి, ప్లేట్‌లెట్లు కూలిపోతాయి. అదే సమయంలో నెలసరి వస్తే స్రావం విపరీతమవుతుంది. అలాంటి స్త్రీని "గర్భసంచిలో ఏదో ఉంది" అని స్కానింగ్‌కు పంపేలోగా ప్లేట్‌లెట్లు చూడటం ప్రాణం కాపాడుతుంది. ఈ సందర్భంలో మాత్రం సీబీసీకి మించిన పరీక్ష లేదు. నాన్‌కౌరీ దీవుల్లో పగటిపూట రక్తంలో తిరిగే ప్రత్యేక రకం ఫైలేరియా ఉంది. దేశంలో మిగతాచోట్ల రాత్రిపూటే కనిపించే పురుగు ఇక్కడ పగలే దొరుకుతుంది. ఫైలేరియా, నులిపురుగులు ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలను పెంచి తెల్లకణాల శాతాలన్నింటినీ అటూ ఇటూ నెడతాయి. కాబట్టి ఇస్తాంబుల్‌లో ఒక ఆసుపత్రి తన రోగుల మీద తేల్చిన ఎన్‌ఎల్‌ఆర్ హద్దును కమోర్టాలోనో డిగ్లీపూర్‌లోనో యథాతథంగా వాడటం సరికాదు. జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు వారాల్లో తీసిన రక్తంతో ఈ నిష్పత్తులు లెక్కించనేకూడదు.

యంత్రం, నమూనా కూడా పట్టించుకోవలసినవే. సీబీసీ కోసం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో రక్తం తీస్తారు. ఆ గొట్టంలో ప్లేట్‌లెట్లు గంటల్లో ఉబ్బిపోతాయి. నమూనాను బోటులో పెట్టి పెద్దాసుపత్రికి పంపితే అక్కడికి చేరేసరికి ఎంపీవీ నిజానికంటే ఎక్కువ చూపిస్తుంది. అది రోగి జబ్బు కాదు, ప్రయాణపు జాడ. కొందరి ప్లేట్‌లెట్లు ఈడీటీఏలో గుంపుకట్టి లెక్క తప్పుగా తగ్గిపోతుంది. ఇనుము లోపం తీవ్రంగా ఉన్నప్పుడు మరీ చిన్న ఎర్రకణాలను కొన్ని యంత్రాలు ప్లేట్‌లెట్లుగా లెక్కపెడతాయి, అప్పుడు పీఎల్‌ఆర్ అబద్ధంగా పెరుగుతుంది. అనుమానం వచ్చినప్పుడు స్లైడు మీద రక్తపు చుక్క పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం పాత పద్ధతే, ఇప్పటికీ తీర్పు దానిదే. చిన్న కేంద్రాల్లో తెల్లకణాలను మూడు రకాలుగా మాత్రమే విడదీసే యంత్రాలుంటే మోనోసైట్లు, ఇయోసినోఫిల్స్, బేసోఫిల్స్ ఒకే అంకెలో కలిసిపోతాయి. అక్కడ మోనోసైట్లతో లెక్కించే సూచికలకు అర్థం లేదు.

పాలిప్‌ను నిజంగా చూపేవి

నెలసరి ఆగిన వెంటనే, పొర పలచగా ఉన్న రోజుల్లో యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ మొదటి మెట్టు. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పెడితే పాలిప్‌లోకి వెళ్ళే ఒంటరి రక్తనాళం కనిపించవచ్చు. గర్భాశయంలోకి కొద్దిగా సెలైన్ ఎక్కించి స్కాన్ చేస్తే కండ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దీనికి అవసరమైనవి స్కానింగ్ యంత్రం, సన్నటి గొట్టం, సెలైన్, నేర్పున్న చెయ్యి. దీవుల్లో విస్తరించదగ్గ పద్ధతి ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ముట్లుడిగాక రక్తం కనిపించిన స్త్రీలో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆమె సీబీసీలో అన్నీ మామూలుగా ఉన్నా సరే పంపాలి. "రక్తపరీక్ష బాగుంది, భయం లేదు" అని వెనక్కి పంపడం ఈ సందర్భంలో ప్రమాదకరమైన తప్పు.

చూడటమూ తీయడమూ ఒకేసారి జరిగేది హిస్టెరోస్కోపీలో. 1869లో పాంతలియోని అనే వైద్యుడు రక్తస్రావం ఆగని 60 ఏళ్ళ స్త్రీ గర్భాశయంలోకి గొట్టం పంపి, లోపల పాలిప్‌ను చూసి సిల్వర్ నైట్రేట్‌తో కాల్చాడు. హిస్టెరోస్కోపీ చరిత్ర ఆ పాలిప్‌తోనే మొదలైంది. ఈ రోజుల్లో కాడను మొదలంటా కత్తిరించి బయటికి తీసి, కణజాల పరీక్షకు పంపుతారు. చూడకుండా గోకే పాత డి అండ్ సి పద్ధతిలో పాలిప్ చేజారిపోవడం, సగం మిగిలిపోవడం మామూలు. లక్షణాల్లేని చిన్న పాలిప్‌లను నెలసరి వస్తున్న వయసులో కొంతకాలం గమనిస్తూ ఉండవచ్చు, వాటిలో దాదాపు నాలుగో వంతు ఏడాదిలో వాటంతటవే పోతాయి. పిల్లల కోసం ఎదురుచూస్తున్నవారి విషయంలో మాత్రం తీసేయడమే మేలు. 2005లో వచ్చిన ఒక స్పెయిన్ అధ్యయనంలో గర్భాశయంలోకి వీర్యం ఎక్కించే చికిత్సకు ముందు పాలిప్ తీసేసినవారిలో 63 శాతం గర్భం దాల్చారు, తీయనివారిలో 28 శాతమే.

శ్రీ విజయపురంలో కుదరని చికిత్సలకు దీవుల ఆరోగ్య బీమా పథకం అనిషి కింద మెయిన్‌ల్యాండ్ ఆసుపత్రులకు పంపే ఏర్పాటు ఉంది. తెలుగు కుటుంబాలు తరచు విశాఖపట్నం వైపు చూస్తాయి, చుట్టాలుంటారు, భాష తెలుసు, ఓడా విమానమూ ఉన్నాయి. అక్కడికి వెళ్ళినప్పుడు వారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇవే అత్యధికం. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. నిరపాయమైన పాలిప్‌కు గర్భసంచి మొత్తం తీసేయడం అవసరం లేదు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్ళకే ముట్లుడిగిన మనిషిగా ఎముకల బలహీనత, గుండె జబ్బుల ముప్పుతో మిగిలిన జీవితం గడపాలి. "హిమోగ్లోబిన్ 7 ఉంది, సంచి తీసేద్దాం" అన్న మాట వినబడితే, "కండ ఒక్కటే తీయడం కుదరదా? ముక్క పరీక్ష చేశారా?" అని అడిగే హక్కు ఆమెకు ఉంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండటం ఆపరేషన్‌కు కారణం కాదు, ఆపరేషన్‌కు ముందు సరిదిద్దవలసిన విషయం.

చికిత్స తర్వాత అంకెలు

పాలిప్ తీసేలోగా స్రావాన్ని తగ్గించడానికి ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, ఇనుము నింపడానికి మాత్రలో ఇంజెక్షన్లో ఇస్తారు. ప్రయాణానికి ఓడ దొరకడానికే వారాలు పట్టే చోట, నరంలోకి ఎక్కించే ఇనుము వల్ల ఆ వారాలు వృథా కావు. 2018లో మొదలైన రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమం కింద ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి.

పాలిప్ తీసిన నెలకు సీబీసీ మళ్ళీ చేస్తే హిమోగ్లోబిన్ ఎక్కుతూ కనబడాలి. కొత్త కణాలు పాత చిన్న కణాలతో కలవడం వల్ల ఆర్‌డీడబ్ల్యూ మొదట ఇంకా పెరిగి, ఆపైన దిగుతుంది. ఈ పెరుగుదల చూసి కంగారు పడనక్కర్లేదు. పెరిగి ఉన్న ప్లేట్‌లెట్లు ఇనుము నిండేకొద్దీ మామూలుకొస్తాయి, వాటితోపాటు పీఎల్‌ఆర్ కూడా. హిమోగ్లోబిన్ 12 దాటాక మాత్రలు ఆపేయడం తరచు జరిగే పొరపాటు. నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు కొనసాగించాలి. ఫెరిటిన్ చూసే వీలుంటే ఆరోగ్యంగా ఉన్నవారిలో 15 కంటే తక్కువను లోపంగా, ఒంట్లో వాపో జ్వరమో ఉన్నవారిలో 70 కంటే తక్కువను లోపంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. జ్వరాలు ఎక్కువగా తిరిగే దీవుల్లో ఆ రెండో హద్దే ఎక్కువ పనికొస్తుంది. పాలిప్‌లు మళ్ళీ రావచ్చు. స్రావం తిరిగి మొదలైనా, హిమోగ్లోబిన్ ఎక్కినట్టే ఎక్కి మళ్ళీ దిగినా స్కానింగ్ మళ్ళీ చేయించాలి. కణజాల పరీక్ష రిపోర్టు మాత్రం మొదటి ఆపరేషన్ నాటిదే అయినా ఇంట్లో దాచుకుని, ఏ దీవి ఆసుపత్రికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళాలి.